ముడి పడని మూట

నాలుగింటికి ముసలాయన్ని జీపెక్కిస్తానని బావ తెగేసి చెప్పాడు. నేను రికార్డు గదిలో అడుగు పెట్టేసరికి గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. ఉన్నది గంటా యాభై నిమిషాలు. అందులో పది నిమిషాలు బావతో వాదనకే పోతాయని ముందే అనుకున్నాను.

బావంటే మా అక్క మొగుడు, ఇన్‌స్పెక్టరు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఇంట్లో పక్కపక్కనే కూర్చుని భోంచేస్తాం. బయట ఒకరి కేసులో ఒకరం వేలు పెడితే మాత్రం భగ్గుమంటాం.

"రా మరదలా, రా! ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను" అన్నాడు టోపీ బల్ల మీద పెడుతూ.

"నేనేం నీ కోసం రాలేదులే. బాబాయ్ కూతురు ఫోన్ చేసింది, ఏడుస్తూ."

"ఏడవక నవ్వుతుందా? తండ్రి చేసిన ఘనకార్యం అలాంటిది."

బాబాయ్ అంటే మాకు చుట్టం కాదు. ఆ ఆఫీసులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ రికార్డు గది ఆయనదే. ఇవాళ తన కుర్చీలో కానిస్టేబులు కూర్చుంటే, పక్కనున్న స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చోండి బాబాయ్ గారూ" అన్నాను. ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

సంగతి ఇదీ. అది భవనాల్లో లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసు. పదిహేనో తారీఖున ఒక ఆరంతస్తుల భవనంలో లిఫ్టు మూడో అంతస్తు నుంచి దభేలుమని కింద పడింది. ఇద్దరికి కాళ్ళు విరిగాయి. ఒకావిడకి ఇంకా స్పృహ రాలేదు. పన్నెండో తారీఖునే తాడు పోగులు తెగడం చూశాననీ, 'ఈ లిఫ్టు ఆపేయండి' అని రిపోర్టు రాసి పదకొండూ నలభైకి పంపాననీ తనిఖీ ఇంజనీరు ప్రమాణం చేసి చెబుతున్నాడు. రికార్డుల్లో ఆ రిపోర్టు లేదు. రిపోర్టు లేదు కాబట్టి లిఫ్టుని ఎవరూ ఆపలేదు. రికార్డు గది తాళం ఒక్క బాబాయ్ దగ్గరే ఉంటుంది.

"భవనం యజమాని ఈయన చెయ్యి తడిపాడు. ఈయన కాగితం మాయం చేశాడు. ఇందులో డిటెక్టివులు చించేదేముంది?" అన్నాడు బావ.

"తడిపినట్టు రుజువుందా?"

"స్టేషన్‌కి వస్తే అదే దొరుకుతుంది."

నాకు ఒళ్ళు మండింది. బాబాయ్ వైపు తిరిగాను. "పన్నెండో తారీఖు మధ్యాహ్నం ఏం చేశారో చెప్పండి. టైములతో సహా."

"రోజూ చేసేదేనమ్మా. సరిగ్గా ఒంటిగంటకి మీట నొక్కాను. మూట కట్టమన్నాను. కట్టేశానంది. ఒంటిగంటా ఐదుకి గదికి తాళం వేసి, క్యారేజీ తీసుకుని భోజనానికెళ్ళాను."

"మూటేమిటి మూట?" అన్నాడు బావ విసుగ్గా.

"రోజూ రిపోర్టులు కంప్యూటర్‌లో ఒక ఫోల్డరులోకి వస్తాయి సార్. ఒంటిగంటకి ఈ ప్రోగ్రాము వాటిని తీసి ఆ నెల మూటలో పెడుతుంది. నెలకో మూట. పెట్టేశాక ఫోల్డరు ఖాళీ చేస్తుంది."

బాబాయ్ నా వైపు చూసి చటుక్కున తల దించుకున్నాడు. బావ అది గమనించలేదు. ఆ ప్రోగ్రాము ఎవరిదో ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

తెర మీద పన్నెండో తారీఖు వరస కనిపిస్తూనే ఉంది. '9 రిపోర్టులు చేర్చబడ్డాయి. పూర్తయింది.' దాని కింద వరసగా పన్నెండు చుక్క గుర్తులు. ఆ చుక్కలు పెట్టింది నేనే. పదకొండేళ్ళ క్రితం, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, నా మొదటి ఉద్యోగంలో. మూట విప్పడానికీ, అందులో ఫైలు చేర్చడానికీ, మూట కట్టేయడానికీ సీ అనే కంప్యూటర్ భాషలో ఎవరో మహానుభావులు ముందే రాసి పెట్టిన రాతల కట్ట ఒకటుంది, లైబ్రరీ అంటారు. దాన్ని వాడుకుని నాలుగు రోజుల్లో ఈ ప్రోగ్రాము రాసి, కాళ్ళు నేలమీద ఆనకుండా తిరిగాను. ఏడాదిన్నర తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి ఈ వృత్తిలోకి వచ్చాను.

ఆ మాట గదిలోకి రాగానే చెప్పి ఉండాలి. చెప్పలేదు. బావ ముందు తక్కువైపోతానని భయపడ్డాను.

"తొమ్మిది రిపోర్టులు వచ్చాయని ఇక్కడుంది. మిగతా ఎనిమిదీ చూశావా బావా?"

"ఏ ఎనిమిది?"

"నువ్వు లిఫ్టు రిపోర్టు ఒక్కటే వెతికావన్నమాట. భలే ఇన్‌స్పెక్టరువి!"

మౌసు అందుకుని ఆ నెల మూట తెరిచాను. పదకొండో తారీఖువి ఏడున్నాయి. పదమూడువి పది. పన్నెండో తారీఖుది ఒక్కటంటే ఒక్కటీ లేదు. ఒక్క కాగితం దాచడానికి సంబంధం లేని ఎనిమిదింటిని ఎవరు మాయం చేస్తారని అడిగాను.

"తెలివైనవాడు చేస్తాడు. ఒక్కటే పోతే అనుమానం రాదూ?" అన్నాడు బావ. నిజానికి అదీ సబబైన మాటే. కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు.

సాయంత్రం ఆరింటికి ఆ మూటలకి రోజూ ఒక నకలు తీసి వేరే డిస్కులో దాస్తారు. ఆ డిస్కు మేనేజరు గదిలో, మేనేజరు బీరువాలో, మేనేజరు తాళం కింద ఉంటుంది. బాబాయ్‌కి అందే చోటు కాదు. మేనేజర్ని డిస్కు తెమ్మన్నాను. మెడ కనిపించనంత బిగుతు కాలరుతో ఆయన సణుక్కుంటూ తెచ్చాడు. పన్నెండో తారీఖు సాయంత్రం తీసిన నకలు చూశాను. మూట చివరిసారి మారిన సమయం: పదకొండో తారీఖు, ఒంటిగంటా రెండు నిమిషాలు.

"ఇది చూడు బావా. మూటలో ఏదైనా చేర్చినా, ఏదైనా తీసినా ఈ సమయం మారుతుంది. పన్నెండో తారీఖు సాయంత్రం ఆరు దాకా దీని మీద ఎవరి చెయ్యీ పడలేదు. పదమూడున బాబాయ్ తీసేయడానికి అసలు అందులో ఏముందని? పన్నెండో తారీఖు కాగితాలు మూటలోకి చేరనే లేదు."

బావ వంగి చూశాడు. మనిషి మొండివాడే గానీ మొద్దు కాదు. "మరి చేర్చానని తెర మీద రాసిందిగా?"

"రాసింది."

"అంటే ప్రోగ్రాము అబద్ధమాడుతోందా? ఎవడు రాశాడు ఈ దిక్కుమాలిన ప్రోగ్రాము?"

నోరు తెరిచేలోగా బాబాయ్ దగ్గి అందుకున్నాడు.

"ఎప్పటిదో సార్. ఎవరో కంపెనీవాళ్ళు వచ్చి పెట్టి వెళ్ళారు. ఇప్పుడెక్కడున్నారో ఏమో."

మరో గంటలో తన చేతికి సంకెళ్ళు పడబోతుంటే, ఆ మనిషి నా పరువు కాపాడుతున్నాడు! సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అప్పుడైనా నోరు విప్పానా అంటే, లేదు. మేనేజరు మీద పడ్డాను.

"పన్నెండో తారీఖు ఒంటిగంటకి మీరెక్కడున్నారు?"

"నన్నెందుకు అడుగుతున్నారు? ఎవరో పెద్దమనుషులొస్తే వాళ్ళతో కలిసి భోజనానికెళ్ళాను."

"ఎన్నింటికి?"

"పన్నెండూ నలభై అయి ఉంటుంది. రెండున్నరకి తిరిగొచ్చాను."

"వెళ్ళేముందు కంప్యూటర్‌లో ఏం చేస్తున్నారు?"

"తొమ్మిదో తారీఖు రిపోర్టు చూస్తామంటే ఈ నెల మూట తెరిచి చూపించాను."

"మూసి వెళ్ళారా?"

"మూయలేదనుకుంటా. ఏం, తెరిచి చూడడం కూడా నేరమేనా?" అన్నాడాయన మూతి ముడుచుకుని.

బల్ల అంచు పట్టుకున్నాను. పదేళ్ళ క్రితం బాబాయ్ మా ఆఫీసుకి వచ్చాడు. ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసి ఉంది. నోటుబుక్కులోంచి చింపిన కాగితం చేతిలో పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. "అమ్మాయ్, ఎవరైనా మూట విప్పి పెట్టుకుని ఉన్నారనుకో, ఆ రోజు కాగితాలు మూటలోకి పోవట్లేదు. పోయాయనే చెబుతోంది" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "మీరే ఏదో నొక్కేసుంటారు బాబాయ్ గారూ. ముందు కళ్ళజోడు మార్చుకోండి" అన్నాను. చుట్టూ ఉన్న ఆరుగురూ గొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ కాగితం మీద ఏముందో నేను అడగనైనా లేదు.

"మేనేజరు గారూ, మీ గదిలోకెళ్ళి ఆ రోజులాగే ఈ నెల మూట తెరిచి ఉంచండి" అన్నాను.

ఆయన వెళ్ళాడు. నేను ఇందాక తెరిచిన మూట మూసేసి, ఖాళీ ఫోల్డరులో 'పరీక్ష' అనే ఫైలు పెట్టి, "నొక్కండి బాబాయ్ గారూ" అన్నాను. ఆయన నొక్కాడు. రెండూ యాభై రెండు. '1 రిపోర్టు చేర్చబడింది. పూర్తయింది.' పన్నెండు చుక్కలు.

ఫోల్డరు తెరిచాను. ఖాళీ. మూట తెరిచాను. 'పరీక్ష' అందులోనూ లేదు.

"ఏదీ? ఎక్కడికి పోయింది?" అన్నాడు బావ. కానిస్టేబులు కుర్చీలోంచి లేచి మరీ చూశాడు.

మేనేజర్ని మూట మూసేయమని చెప్పి, నేనూ మూసేసి, ఇంకో ఫైలు పెట్టి నొక్కించాను. ఈసారి బుద్ధిగా మూటలోకి వెళ్ళి కూర్చుంది.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. ప్రోగ్రాము అసలు రాత అదే కంప్యూటర్‌లో ఉంది, తెరిచాను. "ఇక్కడ చూడు. ఫైలు చేర్చమంటే ఈ లైబ్రరీ అప్పటికప్పుడు చేర్చదు, చేర్చాలని గుర్తు పెట్టుకుంటుందంతే. అసలు పనంతా చివర్లో, జిప్ క్లోజ్, అంటే మూట కట్టెయ్యి, అన్నప్పుడు జరుగుతుంది. అప్పుడు కొత్త మూట కట్టి, పాతదాని స్థానంలో పెడుతుంది. పాత మూటని ఎవరైనా తెరిచి కూర్చుంటే ఈ కంప్యూటర్‌లో అది కుదరదు. అప్పుడు లైబ్రరీ పాత మూటని పాడుచేయకుండా అలాగే ఉంచి, 'నా వల్ల కాలేదు' అని జవాబిస్తుంది. పనైతే సున్నా, కాకపోతే మైనస్ ఒకటి."

"మరి ఆ జవాబు వచ్చినప్పుడు ఈ ప్రోగ్రాము ఏం చేసింది?"

"వినలేదు. ఆ జవాబు తీసుకోవడానికి ఒక్క అక్షరం కూడా రాయలేదు. పూర్తయిందని అచ్చు వేసి, ఫోల్డర్లో ఉన్నవన్నీ చెరిపేసింది."

ఆ వరస పైన ప్రోగ్రాము రాసినవాళ్ళు తమకోసం రాసుకున్న వ్యాఖ్య ఒకటుంది. బావ దాన్ని పైకి చదివాడు. "'క్లోజ్ ఎప్పుడూ ఫెయిల్ అవదు.' ఆహా, ఎంత ధీమా! కింద పొడి అక్షరాలు కూడా ఉన్నాయే. ఎవడు వీడు?"

"నేనే."

బావ తెర వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చేయలేదు. అందుకు ఇంకా చిన్నబోయాను.

"బాబాయ్ గారూ, ఇలా కాగితాలు పోయినందుకు మీకు ఎన్ని మెమోలు ఇచ్చారు?"

"ఎనిమిదమ్మా. రెండుసార్లు ఇంక్రిమెంటు కూడా ఆపారు."

"మళ్ళీ నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

"ఓసారి చెప్పానుగా అమ్మా" అన్నాడాయన. ఆ గొంతులో కోపమన్నదే లేదు. కనీసం తిట్టినా బాగుండేది. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. అంత ధైర్యం కూడా లేక తెర వైపు తిరిగిపోయాను.

బావ టోపీ తీసుకున్నాడు. "సరే. లిఫ్టు కేసులో ఈయన తప్పు లేదని తేలింది. నువ్వో కాగితం రాసి సంతకం పెట్టు, ఈయన్ని ఇంటికి పంపేస్తాను. ఇంతకీ ఈ పుణ్యం ఇంకెక్కడెక్కడ మూటగట్టుకున్నావు? దీన్ని ఎవరెవరికి అమ్మారు?"

"ఎక్కువ చోట్ల లేదు. ఒక గ్రంథాలయం వాళ్ళు తీసుకున్నారు, రెండేళ్ళకే మానేశారు. ఒక ఆసుపత్రి అడిగింది గానీ కొనలేదు. బళ్ళు బాగుచేసే ఆ పెద్ద వర్క్‌షాపు..."

అక్కడ ఆగిపోయాను. బావ ముఖంలో రంగు మారింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

నాలుగేళ్ళ క్రితం ఒక వ్యాను ఉదయం పదింబావుకి ఒక సైకిలు మనిషిని గుద్ది చంపేసి, ఆగకుండా వెళ్ళిపోయింది. వ్యాను నంబరు ఇద్దరు చూశారు. దాని డ్రైవరు తొమ్మిదిన్నర నుంచీ తన బండి వర్క్‌షాపులో ఉందనీ, చూసినవాళ్ళు నంబరు తప్పు చెబుతున్నారనీ మొత్తుకున్నాడు. రోజుకి ముప్ఫై బళ్ళు చూస్తాను, గుర్తులేదన్నాడు మెకానిక్కు. వర్క్‌షాపు రికార్డుల్లో ఆ బండి ఎంట్రీ లేదు. లేదని కోర్టులో గుండె మీద చెయ్యేసుకుని సాక్ష్యం చెప్పింది నేను. డ్రైవరుకి ఏడేళ్ళు పడింది. బావకి ప్రమోషన్ వచ్చింది. నాకు పేరొచ్చింది. ఆ కేసు తర్వాతే జనం నన్ను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

బావ కానిస్టేబుల్ని బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు.

"విను మరదలా. లిఫ్టు సంగతి వేరు, అది వేరు. ఇక్కడ ప్రోగ్రాము పాడైందని రాయి, చాలు. నీ పేరు రాయకు, ఆ రాతలో పొడి అక్షరాలు నేను చూడలేదనుకుంటాను. ముసలాయన ఇంటికెళ్తాడు. నువ్వు ఆ వర్క్‌షాపు పేరెత్తితే మాత్రం ఈ కంప్యూటర్ సీజ్ చేస్తాను. విచారణ మళ్ళీ మొదటికొస్తుంది. అన్నాళ్ళూ ఈయన లోపలే ఉంటాడు. మీ అక్క మొహం చూసి చెబుతున్నాను."

"ఆ డ్రైవరు?"

"నాలుగేళ్ళు గడిచిపోయాయి. ఇంకో మూడేళ్ళు."

వెంటనే ఛీ కొట్టాననే రాయాలని ఉంది. కానీ అది అబద్ధం. నేను ఆలోచించాను. నా ఆఫీసు, నా పేరు, అక్క ఇంట్లో భోజనాలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. గోడ గడియారం ముల్లు కదలడం చూస్తూ నిలబడ్డాను. అంతకన్నా సిగ్గుపడే పని నా జన్మలో చేయలేదు.

స్టూలు కిర్రుమంది. బాబాయ్ లేచి చొక్కా సర్దుకున్నాడు.

"పదండి సార్, నేనొస్తాను. ఆ అబ్బాయిని లోపల ఉంచి నేను ఇంటికెళ్ళి ఏం తింటాను, ఎలా పడుకుంటాను?"

"కూర్చోండి బాబాయ్ గారూ!" అన్నాను. బల్ల మీది తెల్లకాగితం లాక్కుని నిలబడే రాశాను. ప్రోగ్రాము రాసింది నేను. చెప్పినా వినకుండా నవ్వింది నేను. అదే ప్రోగ్రాముని నమ్మి కోర్టులో సాక్ష్యం చెప్పి, ఏ తప్పూ చేయని డ్రైవర్ని జైలుకి పంపింది కూడా నేనే. కింద పూర్తి సంతకం పెట్టాను.

"మా ఇంటి గడప తొక్కకు ఇక" అన్నాడు బావ. తర్వాత వంగి కంప్యూటర్ తీగ ఊడబీకాడు. తెర నల్లబడింది.

సాక్షిగా సంతకం కోసం కాగితం బాబాయ్ చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని మొత్తం చదివాడు. రెండోసారి కూడా చదివాడు. పెన్ను తీసుకోలేదు.

"అమ్మా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోవు కదా? ఎవరైనా మూట విప్పి పెట్టుకుంటేనేగా కాగితాలు పోయేది. మరి ఆ రోజు ఆ వర్క్‌షాపులో ఒంటిగంటకి మూట విప్పి పెట్టుకున్నది ఎవరు?"

ప్రమాదం జరిగిన రోజే బావ నన్ను పిలిచాడు. పన్నెండూ ముప్పావుకి వర్క్‌షాపుకి వెళ్ళాను. పొద్దుటి ఎంట్రీలు ఒంటిగంటకి గానీ మూటలోకి చేరవని నాకు తెలుసు, ఎంతైనా నేను రాసిందేగా. రాగానే పట్టుకుందామని ఆ నెల మూట తెరిచి పెట్టుకుని, గడియారం చూస్తూ కూర్చున్నాను. డ్రైవరు నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. "ఇప్పుడొస్తుంది మేడమ్, పొద్దున రాయడం నా కళ్ళతో చూశాను" అంటూనే ఉన్నాడు. ఒంటిగంట దాటింది. మూట మూయకుండానే, అందులో అతని బండి నంబరు కోసం రెండింటి దాకా వెతికాను.

"నేనే బాబాయ్ గారూ" అన్నాను.